తుర్కయాంజాల్ దాటిన బంతి

“మొకం అటు తిప్పు కొండలూ. ఎంకయ్యన్న పొయ్యి దిక్కు చూడు. చాయ్ మసులుతుంటె చూసుకుంట పండు. ఈ చెయ్యి సంగతి ఇడిసిపెట్టు, ఇది గిప్పుడు నాది.”

లింగస్వామి డాక్టరు ఈ మాట అంటున్నది దవాఖానలో కాదు, ఇబ్రహీంపట్నంలో బస్సులు ఆగే చోట, ఎంకయ్య చాయ్ హోటల్ ముందు. ఎత్తైన అరుగు అంచుకు పొడుగు బల్ల జరిపి, దాని మీద కొండల్‌ను బోర్లా పడుకోబెట్టారు. కుడి చెయ్యి అరుగు కిందికి వేలాడుతోంది. మణికట్టుకు మెత్తటి గుడ్డ చుట్టి, ఆ గుడ్డకు ఒక ఖాళీ బకెట్ కట్టారు. బకెట్ నేలకు తాకకుండా ఊగుతోంది.

పోలీస్ యాక్షన్ అయి నెల తిరగలేదు. పట్నం బస్సులు ఇంకా మొదలు కాలేదు. దవాఖానలో మత్తుమందు సీసా ఎప్పుడో ఖాళీ అయింది. మొన్న వానకు బురదలో దిగబడ్డ మిలిట్రీ లారీని ఊరివాళ్లంతా కలిసి తోస్తుంటే కొండల్ కాలు జారి పడ్డాడు, కుడి భుజం కీలు తప్పింది. ఎముకలు కట్టేవాడు వచ్చి గుంజి చూశాడు. అతను గుంజినకొద్దీ కొండల్ బిగుసుకున్నాడు, కొండల్ బిగుసుకున్నకొద్దీ కీలు మొండికేసింది. కొండల్ పెద్దచెరువులో విసురు వల వేసి బతికేవాడు. ఆ చెయ్యి లేవకపోతే వల లేవదు. వల లేవకపోతే వాడికీ వాడి తల్లి సిద్దమ్మకూ పొయ్యి వెలగదు.

“ఇయ్యాలనే కీలు పెట్టాలె అవ్వా,” అని పొద్దున్నే సిద్దమ్మకు చెప్పాడు డాక్టరు. “ఇంకా ఆలస్యమైతే కండ గట్టిపడ్తది. గుంజితె రాదు. మెల్లమెల్లగ బరువు పెంచుకుంట పోవాలె, వీడేమో చెయ్యిని మర్చిపోవాలె. గప్పుడు అదే పోయి దాని జాగల కూసుంటది. మరిపిచ్చుడు నా పని. చెయ్యి పెట్టినంకనే ఈడికెల్లి కదులుత.”

తర్వాత ఎంకయ్యను పక్కకు పిలిచి చెవిలో ఇంకో మాట చెప్పాడు. “నేను ‘తర్వాత ఏమైందో ఎరుకేనా’ అన్నప్పుడల్ల బకెట్ల ఒక చెంబు నీళ్లు పొయ్యి. చప్పుడు కావద్దు, వానికి తెల్వద్దు.”

సిద్దమ్మ కొడుకు తల దగ్గర కూర్చుని వాడి ఎడమ చెయ్యి పట్టుకుంది. డాక్టరు అరుగు కింద నిలబడి, ఒక అరచెయ్యి కొండల్ భుజానికి ఆనించి, గొంతు సవరించుకున్నాడు. చాయ్ తాగడానికి వచ్చినవాళ్లు గ్లాసులు పట్టుకుని దగ్గరికి జరిగారు. డాక్టరు గొంతు సవరించాడంటే కోతలు మొదలైనట్టేనని ఊళ్లో అందరికీ తెలుసు.

“నేను పట్నంల కాలేజి సదివేటప్పుడు బాస్కెట్‌బాల్ ఆడేటోన్ని. అంటే గంపబంతి అనుకో. మైదానంల రెండు దిక్కుల రెండు గుంజలు పాతుతరు. మనిషికి అందనంత ఎత్తుల గుంజకు ఇనుప కడెం పెడ్తరు. కడేనికి వల అల్లి కడ్తరు, గంప లెక్క. ఉరుక్కుంట వచ్చి బంతిని ఆ గంపల ఎయ్యాలె.”

“వలనా?” అన్నాడు కొండల్. నొప్పిలో కూడా వాడికి ఆ మాట వినబడింది.

“వలనే. కాకపోతె అడుగు ఉండది.”

“అడుగు లేకుంటె బంతి నిలుస్తదా సారూ?”

“నిలువద్దు. మీదికెల్లి పడాలె, కిందికెల్లి పోవాలె. గప్పుడే గెల్సినట్టు.”

“గసొంటి వల నేనల్లితె మా అవ్వ నన్ను ఇంట్లకు రానియ్యది.”

“మంచిగ చెప్పినవ్. నేను జర పొడుగుంటి, గందుకే టీంల తీస్కున్నరు. మొదటి రోజు పొద్దంత ఏస్తె ఒక్కటి పడ్డది. అబద్ధమెందుకు, ఒక్కటే. మా మాస్టరు నవ్విండు. నాకు పట్టుదల వచ్చింది. అన్నం తినుకుంట ఏసిన, సదువుకుంట ఏసిన, పండుకోని ఏసిన. వారం తిరిగేసరికి నా చేతికి బంతి అందిందంటె అవతలి టీమోళ్లు బూట్లిప్పి సంకల పెట్టుకొని ఇంటి తొవ్వ పట్టుడే. తర్వాత ఏమైందో ఎరుకేనా?”

ఎంకయ్య చెంబు వంచాడు. నీళ్లు బకెట్ లోపలి అంచు వెంబడి చప్పుడు లేకుండా జారాయి.

“మైదానం నడుమకెల్లి ఏసుడు షురూ చేసిన. పడుతున్నది. గిదేం దూరమని అవతలి కొసకెల్లి ఏసిన. పడుతున్నది. ఎనుకకు తిరిగి నెత్తి మీదికెల్లి ఏసిన. అయినా పడుతున్నది! మాస్టరు నా కండ్లకు రుమాలు కట్టి, గిరగిర తిప్పి ఇడిసిపెట్టిండు. ఏసిన. ఆ బంతి మా గంపల పడి, కిందికెల్లి ఎగిరి, గోడ దుంకి, పక్క కాలేజి మైదానంల ఉన్న గంపల గూడ పడ్డది. ఒక్క ఏటుకు రెండు కాలేజీలను గెలిపిచ్చిన.”

“పక్క కాలేజోళ్లు ఊకున్నరా సాబ్?” అన్నాడు ఎంకయ్య.

“ఊకుంటరా? మిఠాయి పంపిన్రు. తర్వాత ఏమైందో ఎరుకేనా?”

ఇంకో చెంబు పడింది. కొండల్ “అబ్బా” అని పళ్లు కొరికాడు. భుజం కండ మళ్లీ రాయిలా బిగుసుకోవడం డాక్టరు అరచేతికి తెలిసింది. సిద్దమ్మ భయంగా చూసింది. డాక్టరు ఆమె వైపు చూడలేదు, గొంతు ఇంకాస్త పెంచాడు.

“ఏసుడు పెద్ద ముచ్చట గాదు తమ్మీ. అసలు ముచ్చట దుంకుడు. ఓసారి మిలిట్రీ టీంతోని పోటి పడ్డది. ఒక్కొక్కడు దర్వాజంత ఉన్నడు. వాళ్ల చేతులు దాటి బంతి పోవాలంటె మీదికి పోవాలె. దుంకిన. పోతున్న, పోతున్న, ఇంకా పోతున్న. కిందికి చూస్తె చార్మినార్ మినార్లు మీదికెల్లి కనబడుతున్నయి. గోలకొండ కనబడుతున్నది. ఒక గద్ద పక్కకొచ్చి, జర జరుగు అన్నట్టు రెక్కతోని నన్ను నూకింది. కింద సీటి ఊదెటాయిన చూసి చూసి, మెడ గుంజుతుందని హోటల్‌కు పోయిండు. చాయ్ తాగి, బిస్కెట్ నముల్కుంట తిరిగొచ్చిండు. నేను ఇంకా మీదనే ఉన్న.”

“మరి ఎట్ల దిగినవ్ సారూ?”

“ఆకలైంది, దిగిన.”

కొండల్ వీపు నవ్వుతో కదిలింది. కండ కొంచెం వదులైంది.

“దిగుకుంట దిగుకుంట బంతిని గంపల పెట్టిన. ఇగ చూడాలె చప్పట్లు! ఆ చప్పట్లకు పట్నంల ఉన్న పావురాలన్ని లేచి, నల్లగొండ దాంక పోయి, తొవ్వ మర్చిపోయి, ఆడనే కాపురాలు పెట్టినయి.”

అంతవరకూ మాట్లాడని సిద్దమ్మ అప్పుడు నోరు తెరిచింది. “ఆ ఆటకు మీ బాపు గూడ వచ్చిండంట గద బిడ్డా? ఇస్తారన్న చెప్పంగ ఇన్న. యాచారంకెల్లి పట్నం దాంక బండి మీద పోయిండంట.”

ఇస్తారి డాక్టరు తండ్రి. ఇప్పుడు లేడు. బావి దగ్గర మోట కొడుతూ పడి భుజం కీలు తప్పితే, అప్పట్లో సరిగ్గా పెట్టేవాళ్లు దొరక్క ఆయన కుడి చెయ్యి అలాగే చచ్చుబడిపోయింది. బతికినన్నాళ్లు ఎడమ చేత్తోనే నాగలి పట్టాడు, ఎడమ చేత్తోనే అన్నం తిన్నాడు. ఇబ్రహీంపట్నం అంగడికి వచ్చినప్పుడల్లా సిద్దమ్మ దగ్గర చేపలు కొని, కొడుకు సంగతులు చెప్పి పోయేవాడు.

“వచ్చిండు,” అన్నాడు డాక్టరు.

“అందరు చప్పట్లు కొడుతుంటె తనొక్కడు ఎడమ చేత్తోని తొడ మీద కొట్టుకున్నడంట. నవ్వుకుంట చెప్పిండు పాపం.”

డాక్టరు కొండల్ భుజం మీది అరచెయ్యి సర్దుకున్నాడు. ఎంకయ్య చెంబు పట్టుకుని ఆయన నోటి వైపే చూస్తున్నాడు.

“మస్తు జనముండె అవ్వా, ఎవలెట్ల కొట్టిన్రో నాకేం ఎరుక! తర్వాత ఏమైందో ఎరుకేనా, తర్వాత ఏమైందో ఎరుకేనా?”

రెండుసార్లు అన్నాడు కదా అని ఎంకయ్య రెండు చెంబులు పోశాడు.

“సారూ, చెయ్యి గుంజుతుంది! ఊడొస్తది సారూ!”

“ఊడిరాదు. ఊపిరి పీల్చి మెల్లగ ఇడువు. ఇంకోసారి. ఆఁ, గట్ల. నువ్వు చెరువుకు పోవాల్నా వద్దా?”

“పోవాలె.” కొండల్ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. “పోకుంట ఎట్లుంట? చెయ్యి రావాలె సారూ. ఎంత గుంజినా సరే.”

“వస్తది. నువ్వు పట్టు పట్టినవ్, నేను పట్టు పట్టిన. చెయ్యి ఎంతసేపు మొండికేస్తదో చూద్దాం. ఇగ ఇను. ఆ ఆట చూసి బొంబాయికెల్లి మిల్లోళ్లు వచ్చిన్రు. జీతమిస్తం, ఇల్లిస్తం, మా టీంల ఆడు, ఇంకో పని ముట్టొద్దు అన్నరు. నేను రానన్న, డాక్టర్ సదువుత అన్న. వాళ్లు ఊకోలే. నన్ను తోల్కపోనీకె యాచారానికి రైలు తెచ్చిన్రు.”

“యాచారంల రైలు పట్టాలేడున్నయి సాబ్?” ఎంకయ్యకు చెంబు సంగతి కూడా గుర్తు లేకుండా పోయింది.

“లెవ్వు. గదే చెప్తున్న. ఎనుక పట్టాలు పీక్కుంట, ముందట ఏసుకుంట వచ్చిన్రు. ఇంజను తెచ్చి మా జొన్నచేన్ల ఆపిన్రు. నాకని బూట్లు తెచ్చిన్రు, ఒక్కొక్క బూటు ఎడ్లబండంత ఉంది. పెద్ద మేనేజరు మా వాకిట్ల కూసోని, నువ్వు ఒప్పుకునెదాంక అన్నం ముట్ట అని ఒట్టు పెట్టుకున్నడు. మా అమ్మ జొన్నగట్క పోస్తె మాత్రం మల్లా మల్లా పోయించుకున్నడు. ఇది అన్నం గాదు గద అన్నడు.”

చాయ్ తాగేవాళ్లు గొల్లుమన్నారు. కొండల్ కూడా నవ్వాడు.

“గంతగనం బతిమిలాడితె ఎందుకు పోలే సారూ?”

“బొంబాయిల జాగ సాలదు. నేను ఏస్తె బంతి పోయి సముద్రంల పడ్తది. ఎన్ని బంతులని తెస్తరు వాళ్లు? ఇగ నేను డాక్టరే అయిత అని కూసున్న. మా ప్రిన్సిపాల్ ఏడ్చిండు. మాస్టరు ఏడ్చిండు. మైదానంల గుంజలు గూడ ఏడ్చినయి. నేను మెత్తబడలే. సదివిన. ఎట్ల సదివిన? పుస్తకం నన్ను చూసి వణుకుతుండె. మనిషి ఒంట్ల రెండు నూర్ల ఆరు ఎముకలుంటయని మాకు పాఠం చెప్పిన్రు. నాకు నమ్మకం కుదరలే. మల్లా లెక్క పెట్టి, ఇంకో ఎముక దొరకవట్టి, తెచ్చి బల్ల మీద పెట్టిన. పెద్ద పెద్ద డాక్టర్లు పరేషాన్!”

“అది నీ నాలికల ఎముక అయ్యుంటది సాబ్. గింత గట్టిగ ఇంకెవలికీ పని చెయ్యది.”

“ఎంకయ్యన్నా, నువ్వు చాయ్ చూసుకో. తర్వాత ఏమైందో ఎరుకేనా?”

చెంబు వంగింది. బకెట్ ఇప్పుడు సగానికి పైగా నిండింది. ఊగడం మానేసి నిలకడగా వేలాడుతోంది. డాక్టరు అరచేతి కింద కండ మెల్లగా మెత్తబడుతోంది. కొండల్ పొయ్యి వైపే చూస్తున్నాడు, కానీ వాడు చూస్తున్నది పొయ్యిని కాదని అందరికీ తెలుస్తోంది.

“అవన్ని పాత ముచ్చట్లు. మొన్నటిది చెప్త ఇను. యాక్షన్ షురూ అయింది. మీద ఇమానాలు, సడక్ మీద లారీలు. గుట్టల్ల ఎర్రజెండ సంగపోళ్లు, తొవ్వల పొంటి ఉరికే రజాకార్లు. బస్సు బంద్. మన దవాఖానల మత్తుమందు అయిపోయింది. మనిషిని పంపుదమంటె ఎవలు పోనిస్తరు? సోంచాయించిన. పాత పెట్టె తెరిచిన. కాలేజి బంతి తీసిన. ఖాలీ సీస దానికి గట్టిగ కట్టిన. పెద్దచెరువు కట్ట మీదికెక్కి, పట్నం దిక్కు తిరిగి, ఇసిరిన.”

“ఎంత దూరం పోయింది?”

“ఎంత దూరమా! తుర్కయాంజాల్ దాటింది. ఆడ బర్లు కాసేటోళ్లు నెత్తుల మీది రుమాళ్లు పట్టుకున్నరు, గంత గాలి. ఎదురుంగ మిలిట్రీ ఇమానం వచ్చింది. ఇమానం నడిపేటాయిన బంతిని చూసి, సలాం కొట్టి, పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిండు. బాలాపూర్ కాడ ఒక్కసారి నేలకు కొట్టుకొని ఎగిరింది. ఆడికెల్లి సీదా పట్నంల పెద్ద దవాఖాన కిటికిలకెల్లి పోయి, మందులిచ్చెటాయిన ముందట బల్ల మీద కూసున్నది. ఆయనకు సమజైంది. సీస నింపిండు. మూత బిగిచ్చిండు.”

“మరి నాకు మత్తుమందు ఎందుకు ఇయ్యలే?” అని అరిచాడు కొండల్.

“ఏం చెయ్యాలె తమ్మీ, వాళ్లకు ఇసురుడు రాదు గద!”

కొండల్ పగలబడి నవ్వాడు. బోర్లా పడుకున్న మనిషి నవ్వితే పొట్ట బల్లకు కొట్టుకుంటుంది, బల్ల కిర్రుమంటుంది, పక్కవాళ్లకు ఇంకా నవ్వొస్తుంది. ఆ నవ్వుల నడుమ డాక్టరు అరచేతి కింద టక్కుమని ఏదో కదిలింది. కీలు వెళ్లి దాని చోట కూర్చుంది.

డాక్టరు మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. బకెట్ ముడి విప్పి ఎంకయ్యకు అందించాడు. ఎంకయ్యకు అర్థమై నోరు తెరిచాడు. సిద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాట్లాడవద్దని డాక్టరు ఇద్దరికీ కళ్లతో చెప్పాడు. చెయ్యి ఎత్తమని అడిగితే కొండల్ భయపడతాడు, మళ్లీ బిగుసుకుంటాడు. భయం మరిచి వాడంతట వాడు ఎత్తాలి.

“బంతి సంగతి ఇడువు. అదే చేత్తోని మొన్న నీ చెరువుల వల గూడ ఏసిన కొండలూ.”

నవ్వు ఆగిపోయింది. “వలనా? నువ్వా?”

“నేనే. నిలబడుడెందుకని కట్ట మీద కూసోనే ఏసిన. ఒక చేతుల చాయ్ గిలాస ఉండె. వల ఇప్పుడెందుకని మూటకు మూట ఇసిరిన. పోయి నాలుగు మూలలు సక్కగ పరుచుకున్నది. చెరువంత కప్పుకపోయింది.”

“నాలుగు మూలలా?” కొండల్ గిరుక్కున ఇటు తిరిగాడు. “ఇసురు వలకు మూలలుంటయా సారూ? ఇమానం జరిగిందన్నవ్, ఇన్న. రైలు వచ్చిందన్నవ్, ఇన్న. గిది మాత్రం ఇనరాదు. కూసోని ఎవడన్న వల ఏస్తడా? మూటకు మూట ఇసిరితె రాయి పడ్డట్టు పడ్తది, చాపలు నవ్వుతయి! గిట్ల నిలబడాలె. సగం వల ఈ మోచేతి మీద ఏసుకోవాలె. అంచు ఈ చేతుల పట్టుకొని, నడుము తిప్పి, గిట్ల...”

వాడు ఎప్పుడు లేచి కూర్చున్నాడో, ఎప్పుడు అరుగు మీద నిలబడ్డాడో వాడికే తెలియదు. నడుము తిరిగింది. కుడి చెయ్యి భుజం ఎత్తుకు లేచింది. లేచిన చేతిని చూసి కొండల్ అలాగే నిలబడిపోయాడు.

“దించు! మెల్లగ దించు, మల్లా జారుతది!” డాక్టరు ఒక్క దూకులో అరుగెక్కి ఆ చెయ్యి పట్టుకున్నాడు. రెండో చేత్తో ఎంకయ్య భుజం మీది కండువా లాగి, జోలె కట్టి, చెయ్యిని కొండల్ రొమ్ముకు ఆనించి ముడి వేశాడు. సిద్దమ్మ ఏడుస్తూనే కొడుకు వేళ్లు ఒక్కొక్కటే ముట్టి చూసుకుంది.

“అన్ని అబద్ధాలు చెప్పి చెయ్యి పెట్టినవ్ సారూ!” కొండల్‌కు సంతోషం పట్టలేదు. కుడి చెయ్యి జోలెలో ఉంది కనుక, ఎడమ చేత్తో తొడ మీద ఫటఫటా కొట్టాడు.

డాక్టరు ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“గట్ల కొట్టకు తమ్మీ.”

ఆయన గొంతు మారిపోయింది. చాయ్ తాగేవాళ్లు నవ్వు ఆపారు. సిద్దమ్మ ఆయన మొహంలోకి చూసింది.

“నీకు కనబడ్డది గద బిడ్డా, ఆ పొద్దు. గందుకేనా ఆట ఇడిసినవ్?”

“గందుకే అవ్వా. మైదానమంత నా పేరే అరుస్తున్నది, నాకేం ఇనబడలే. బాపు తొడ మీద కొట్టుకునే చప్పుడొక్కటే ఇనబడ్డది. ఒక్క మనిషి సక్కగ పెట్టుంటె ఆ చెయ్యి బతికుండేది. నాకు మస్తు దుఃఖమైంది. తెల్లారి మిల్లోళ్లకు రానని చెప్పిన.”

ఎంకయ్య తల గోక్కున్నాడు. “అన్నిట్ల గిదొక్కటే చిన్నగ చెప్పినవ్ సాబ్.”

“దీన్ని పెంచనీకె రాదన్నా. ఎప్పుడు చూసినా గంతే ఉంటది.” డాక్టరు కొండల్ జోలె ముడి మళ్లీ సరిచూశాడు. “దీపావళి దాంక ఈ చెయ్యి కదలొద్దు. ఆ తర్వాత చెరువు కట్టకు నేనే వస్త. నువ్వు వల ఎయ్యి. నేను రెండు చేతులతోని చప్పట్లు కొడ్త.”

కొండల్ ముక్కు తుడుచుకున్నాడు. జోలెలో ఉన్న చేతిని చూసుకున్నాడు, డాక్టరును చూశాడు.

“వస్తె రా సారూ, గని నిలబడే చూడాలె. కూసున్నవంటె చాయ్ తాగుకుంట నువ్వే వల ఏస్తవ్.”